రాళ్లు లేని పొలం

“ఇదే ఆఖరుది, పట్టు!” అన్నాడు హెజకయా. మొగుడూ పెళ్లాలిద్దరూ రొప్పుతూ ఆ బండరాయిని దొర్లించుకెళ్లి పక్కనున్న గిడియన్ పొలంలో పడేశారు.

కంచెకు ఆనుకుని చోద్యం చూస్తున్న గిడియన్ నవ్వాడు. “నెల్లాళ్ల నుంచీ మీ రాళ్లన్నీ నాకే పెట్టేస్తున్నావు. రేపు మళ్లీ వచ్చి అడగవు కదా?”

“తీసుకో బాబూ, గోడ కట్టుకో. మా నాన్న నాకిచ్చిన ఆస్తి ఇదే. మోసీ మోసీ నా బుర్ర కూడా బండబారిపోయింది.”

నిజమే. కనెక్టికట్ నది ఒడ్డునున్న ఆ పొలంలో మొక్కజొన్న సరిగ్గా పండిన ఏడాది లేదు గానీ, రాళ్లు మాత్రం ఏటా విరగపండేవి. చలికాలం గడ్డకట్టిన నేల కరగగానే కొత్తవి పైకి తేలేవి. వాటిని ఏరీ ఏరీ అతని భార్య పేషెన్స్ నడుము పడిపోయింది. పెన్సిల్వేనియాలో నేల మెత్తగా ఉంటుందని ఆమె తమ్ముడు ఊరిస్తున్నాడు. అక్కడికి పోవాలంటే ముందు ఈ పొలం అమ్ముడవ్వాలి. ఇక్కడే ఉంటే ఇంకో ఏడాదికి ఆమె మంచం పడుతుందని హెజకయా భయం.

ఇన్నాళ్లకు ఓ బేరం తగిలింది. నది ఒడ్డున, ఓడ ఆగే చోట పొలం కావాలని వర్జీనియా నుంచి రాండల్ దొర కబురు పెట్టాడు. పొగాకు వేసీ వేసీ అక్కడి భూములు చచ్చిపోతున్నాయట. పాపం, మంచి నేల వెతుక్కుంటూ వస్తున్నాడనుకున్నాడు హెజకయా.

మధ్యాహ్నానికి దొర పట్టు కోటు వేసుకుని దిగాడు.

“మీ చేతులకు ఆ గాయాలేమిటండీ?”

హెజకయా చేతులు వెనక్కి దాచుకున్నాడు. “వల లాగుతుంటే కోసుకుపోయాయండి.”

“మా దగ్గర చేతులు పాడయ్యే పనంతా బానిసలదే,” అన్నాడు దొర మామూలుగా. ఆ మాటకు పేషెన్స్ మొహం తిప్పుకుంది.

దొర చేతికర్రతో నేలను పొడిచాడు. కర్ర మెత్తగా దిగింది. ఇంకోచోట పొడిచాడు. అక్కడా దిగింది. నిట్టూర్చాడు.

“మా వైపూ ఇంతేనండీ. కాకిని తోలుదామన్నా గులకరాయి దొరకదు. ఇళ్లన్నీ దుంగల మీదే నిలబెడతాం. నాలుగేళ్లకు అవి పుచ్చిపోయి ఇల్లు పక్కకు ఒరుగుతుంది.”

గొప్పలు పోతున్నాడు అనుకున్న హెజకయాకు మొదటి మాట దాటి ఏదీ చెవికెక్కలేదు. తనేం తక్కువ తిన్నాడా?

“మాదీ అంతేనండి! మా తాతల నాటి నుంచీ ఈ పొలంలో రాయన్నది చూసి ఎరగం.”

పేషెన్స్‌కు దగ్గు వచ్చింది. దొర మొహం మాత్రం వాడిపోయింది.

“మంచి నేలే. నాకు పనికిరాదు లెండి,” అని కంచె దాటి గిడియన్ దగ్గరికి నడిచాడు. రాళ్ల కుప్పల చుట్టూ తిరిగాడు. ఒక బండను తట్టి చూశాడు. కాసేపు మాట్లాడి, బేరం కుదిరినట్టు గిడియన్ చెయ్యి పట్టుకుని ఊపాడు.

హెజకయా కంచె దగ్గరికి పరుగెత్తాడు.

“అయ్యా, మోసపోకండి!” అని అరిచాడు. “అక్కడున్నవన్నీ రాళ్లే!”

దొర వెనక్కి తిరిగి నవ్వాడు.

“రాళ్ల కోసమే కదండీ ఇంత దూరం వచ్చాను!”