ఫోతిస్ కప్పులో ఉప్పు

"సిగ్గులేదటే నీకు? ఈ వయసులో పెళ్లేమిటి?" లుకియా గొంతు తగ్గించలేదు. ఎదురు ఫ్లాటు దాకా వినబడాలనే ఆమె కోరిక.

"మెల్లగా అక్కా. ఆయన కాఫీకొచ్చే వేళయింది," అంది ఎరాస్మియా, అద్దంలో జుట్టు సర్దుకుంటూ.

"రానీ. నాలుగు కడిగేసి పంపిస్తా. నువ్వు మాత్రం రేపటి ఓడకి నాతో స్కోపెలోస్ దీవికి వచ్చేస్తున్నావు."

చెల్లెలు జుట్టులో పిన్ను గుచ్చుకుంది. ఆ ముస్తాబు చూస్తే లుకియాకు గుబులేసింది. ఇది కాపురమంటూ ఇక్కడే ఉండిపోతే, ఆ దీవిలో చలికాలమంతా తను గోడలతో మాట్లాడుకోవాలి.

గంట మోగింది. ఎదురింటి ఫోతిస్ చేతిసంచీ నిండా నిమ్మకాయలతో లోపలికొచ్చాడు. మనిషి నెమ్మదస్తుడు. కుర్చీ కూడా చప్పుడు కాకుండా లాక్కున్నాడు.

ఎరాస్మియా లేవబోతే లుకియా భుజం పట్టి కూర్చోబెట్టింది. "రక్తపోటని కాఫీ మానేసినదానివి, నీకెందుకు శ్రమ? ఇవాళ నేను పెడతాలే. మీకు తీపి ఎంతండీ?"

"మధ్యస్థంగా," అన్నాడు ఫోతిస్.

వంటింట్లో లుకియా ఒక కప్పు నీళ్లు కొలిచి, పొడుగు పిడి ఉన్న ఇత్తడి బ్రికిలో పోసింది. కాఫీపొడి వేసింది. చక్కెర డబ్బా దాటి ఆమె చెయ్యి ఉప్పు డబ్బా మీదికి పోయింది. రెండు చెంచాలు నిండుగా వేసి, సన్నటి మంట మీద పెట్టింది.

చిక్కటి నురుగు అంచుల నుంచి మధ్యకు ముడుచుకుంటూ పైకి లేచింది. సరిగ్గా అప్పుడే దించాలి. లుకియా చేతులు కట్టుకుని నిలబడింది. నురుగు పగిలిపోయి, కాఫీ కుతకుతా ఉడికి, మాడు వాసన కొట్టింది. కావాలని కాఫీ పాడుచేయడం ఆమెకిదే మొదటిసారి. ప్రాణం ఉసూరుమంది.

ఫోతిస్ ఒక గుక్క తాగి ఆగాడు. కప్పులోకి చూశాడు. తలెత్తి లుకియాను చూశాడు. అతను మళ్లీ కప్పెత్తి, అడుగున మడ్డి తగిలేదాకా తాగాడు.

"బాగుందా?" అడిగింది ఎరాస్మియా.

"బాగుంది."

లుకియాకు తల కొట్టేసినట్టయింది. చెల్లెలి ముఖం చిన్నబోకూడదని ఆ విషాన్ని మింగిన మనిషినా తను తరిమేయాలనుకుంది? అతను వెళ్తుంటే గుమ్మం దాకా వెంట వచ్చింది.

"ఫోతిస్ గారూ, నన్ను క్షమించండి. కావాలనే మాడబెట్టాను, పైగా ఉప్పేశాను. అయినా మీరు నోరు మెదపలేదు. మా చెల్లెలంటే మీకింత ఇష్టమని తెలియలేదు."

అతను వెనక్కి తిరిగి, ఎరాస్మియా వినడం లేదని చూసుకుని, గొంతు తగ్గించాడు.

"అలా అనకండి. ఏడాదిగా ఈ ఇంట్లో కాఫీ తాగుతున్నాను, గొంతు దిగింది మాత్రం ఇవాళే. పెళ్లయ్యాక మీరూ మాతోనే ఉండిపోకూడదూ?"