సర్వీసు మనిషి

రత్నమాల ఆఫీసులోంచి అమెరికా డాక్టర్లంతా ఒక్కసారిగా మాయమైపోయారు.

డాక్టర్లంటే మనుషులు కాదు, వాళ్ళ ఈమెయిల్ అడ్రసులు.

మాదాపూర్‌లో, కొత్తగా లేచిన సైబర్ టవర్స్‌కి దగ్గర్లో ఆమెకో చిన్న ఆఫీసు ఉంది. అమెరికా డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి పంపిన రికార్డింగులు స్టాఫ్ పగలంతా విని, టైపు చేసి, అక్కడ తెల్లారేలోగా మెయిల్లో పంపాలి. అదీ పని.

నిన్న పొద్దున మెయిల్స్ పంపే కంప్యూటర్ తెరిస్తే అడ్రస్ బుక్కు ఖాళీ. వచ్చిన పాత మెయిల్సూ లేవు.

నిన్నటి రిపోర్టులు వెళ్ళలేదు. ఇవాళ కూడా వెళ్ళకపోతే కాంట్రాక్టు రద్దని అక్కణ్ణించి ఫోనొచ్చింది. అడ్రసులు పోగొట్టుకున్నామని చెప్పే ధైర్యం రత్నమాలకు లేకపోయింది.

ఆ కంప్యూటర్ చూసుకునే శిరీషను మాత్రం నిన్ననే ఉద్యోగంలోంచి తీసేసింది.

"మేడం, ఒక్కసారి నన్ను చూడనివ్వండి" అని ఆ పిల్ల ఏదో చెప్పబోయింది.

"చూసి ఇంకేం చెరుపుతావు? ముందు బయటికి నడు" అంది రత్నమాల.

ఇవాళ సర్వీసు వాళ్ళకి ఫోన్ చేస్తే మనిషిని పంపిస్తామన్నారు. పదకొండవుతున్నా ఎవరూ రాలేదు.

అప్పుడు తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. యాభై దాటిన మనిషి. చేతిలో రెగ్జిన్ బ్యాగు, చెమటకు తడిసిన చొక్కా.

"అమ్మా, నేను..."

"తెలుసు, రండి. పొద్దుట్నుంచీ మీకోసమే చూస్తున్నా. ఎక్కణ్ణించి రావడం?"

"మియాపూర్ నుంచమ్మా. నేనొచ్చింది ఏమంటే..."

"కబుర్లు తర్వాత. అదిగో కంప్యూటర్. అడ్రసులన్నీ పోయాయి. మా దగ్గర పనిచేసిన పిల్ల చెరిపేసింది."

ఆయన కదల్లేదు.

"చెరపడం మీరు చూసినారామ్మా?"

"చూడాలా? ఆ పిల్ల తప్ప దాన్ని ముట్టుకునేవాళ్ళే లేరు."

"నిన్న ఆన్ చేసింది కూడా ఆ పిల్లేనా?"



"నిన్న నేనే ముందొచ్చాను. నేనే ఆన్ చేశాను. అయితే? మీరు సర్వీసు నుంచి వచ్చారా, సీఐడీ నుంచి వచ్చారా?"

"కోప్పడొద్దమ్మా. ఒకసారి ఆపేసి, నిన్న ఎట్ల పెట్టినారో అట్లనే పెట్టి చూపించండి."

ఆమె విసుక్కుంటూనే ఆపి, మళ్ళీ ఆన్ చేసింది.

తెర మీద చిన్న డబ్బా వచ్చింది. అందులో శిరీష పేరు. దాని కింద పాస్‌వర్డ్ కోసం ఖాళీ.

రత్నమాల చటుక్కున క్యాన్సిల్ నొక్కింది.

"అదేందమ్మా?"

"పాస్‌వర్డ్ నాకు తెలీదు. క్యాన్సిల్ కొడితే ఎలాగూ తెరుచుకుంటుందిగా!"

"తెరుచుకుంటాది. కానీ వేరే గది తెరుచుకుంటాది. మీ డాక్టర్లు ఆ పిల్ల పేరు మీదుండే గదిలో ఉన్నారు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కంప్యూటర్ మళ్ళీ ఆపి, ఆన్ చేయించాడు. డబ్బా రాగానే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటి వేలితో టైపు చేశాడు.

"ఒక్క వేలితోనా! ఎప్పుడు నేర్చుకున్నారండీ ఈ విద్య?"

"నిన్న రాత్రేనమ్మా."

రత్నమాల ఫక్కున నవ్వింది.

ఆ నవ్వు పూర్తి కాకముందే తెర మీద డాక్టర్ల పేర్లు వరసగా వచ్చి నిలబడ్డాయి. పాత మెయిల్స్ కూడా. ఒక్కటీ పోలేదు.

"ఎవరూ చెరపలేదమ్మా" అన్నాడాయన నెమ్మదిగా. "మీరే చూసినారు కదా. ఆ పిల్లను మళ్ళీ పిలిపిస్తారా?"

రత్నమాల స్టాఫ్ వైపు చూసింది. అందరి చెవులకూ హెడ్‌ఫోన్లున్నాయి. అయినా గొంతు తగ్గించింది.

"పిలిస్తే తప్పు నాదని అందరికీ తెలిసిపోతుంది. ఈ మాట మీలోనే ఉంచుకోండి. అయినా అలాంటి పిల్లలు రోజూ వస్తూనే ఉంటారు ఉద్యోగానికి."

ఆయన ఏదో అడగబోయి మానేశాడు. బ్యాగు తీసుకుని లేచాడు.

"బిల్లెంత?"

"ఏమీ లేదమ్మా."

మంచినీళ్ళిచ్చినా ముట్టుకోలేదు. వెళ్ళిపోయాడు.

వింత మనిషి అనుకుంది రత్నమాల. రిపోర్టులన్నీ పంపేసి హాయిగా వెనక్కి వాలింది.

అంతలో ఓ కుర్రాడు లోపలికొచ్చాడు.

"నమస్తే మేడం. బాలనర్సయ్య, సర్వీసు నుంచి. జర లేటయింది."

"అదేంటి? మీవాళ్ళొకరు వచ్చి బాగుచేసి వెళ్ళారుగా?"

"మావోళ్ళా? ఈ ఏరియా మొత్తం నేనొక్కణ్ణే తిరుగుత మేడం. ఎవరో ఏందో అడగకుండనే కూసోబెట్టిన్రా?"

రత్నమాల గబుక్కున కంప్యూటర్ వైపు తిరిగింది.

పోటీ కంపెనీ మనిషా? డాక్టర్ల అడ్రసులన్నీ చూసేశాడా? అందుకేనా బిల్లు వద్దన్నాడు?

"పాస్‌వర్డ్ ఎవరు చెప్పిన్రు ఆయనకు?" అడిగాడు బాలనర్సయ్య.

"ఎవరూ చెప్పలేదు. అది శిరీషకి తప్ప..."

మాట మధ్యలోనే ఆపి ఫోనందుకుంది. శిరీష వాళ్ళ ఇంటి కింద కిరాణా కొట్టు నంబరది. కొట్టు వాళ్ళు పిలిస్తే ఆ పిల్ల పరుగున వచ్చి అందుకుంది.

"పాస్‌వర్డ్ ఎవరికిచ్చావు? ఎవణ్ణి పంపావు నా ఆఫీసుకి? నిజం చెప్పు, లేకపోతే పోలీసు కేసు పెడతా!"

అవతల బెదిరిన గొంతు.

"ఎవరికీ ఇవ్వలేదు మేడం. రాత్రి ఏడుస్తుంటే మా నాన్న గుచ్చి గుచ్చి అడిగినాడు, ఆయనకొక్కడికే జరిగిందంతా చెప్పినా, పాస్‌వర్డూ అది ఎట్ల కొట్టాలో కూడా చెప్పినా. తప్పు నీది కాకపోయినా సరే, మేడం కాళ్ళు పట్టుకునైనా నీ ఉద్యోగం అడిగొస్తానని పొద్దున్నే బయల్దేరినాడు... ఇంకా మీ దగ్గరికి రాలేదా మేడం?"