విరిగిన పాల కేకు

"మంచి పాలు చేజేతుల ఇరగ్గొడుడేంది యాదమ్మా?"

నిమ్మకాయ కోస్తున్న కోడలిని చూసి ఐలవ్వ మూతి తిప్పింది.

"ఇరిగితేనే రికోటా అయితది అత్తమ్మా. ఇటలీవోళ్లు గా ముద్దతోనే కేకు చేస్తరు. మామ దావత్‌కు గదే చేస్తున్న."

"మన దేశంల కేకులే లేనట్టు."

యాదలక్ష్మి నవ్వింది. మర్నాడే మామ వీరయ్య షష్టిపూర్తి. ఆ కేకు మీద ఆమె చాలా ఆశ పెట్టుకుంది. ఇంటికి రోడ్డు వైపున్న అర్రలో ఎరువుల బస్తాలు పడి ఉన్నాయి. మెదక్ చర్చి చూడటానికి వచ్చే జనం సగం ఆ రోడ్డునే పోతారు. ఇన్నాళ్లూ వంటింట్లోనే కేకులు చేసి అమ్ముతోంది, ఆ అర్ర ఇస్తే బేకరీ పెట్టుకుంటానని అడిగీ అడిగీ ఆమె నోరు నొప్పి పుట్టింది. ఇల్లు అత్త పేరు మీద ఉంది. అత్త ఒకే మాట చెప్పింది: "దావత్‌ల నీ కేకు తిన్నంక చెప్త."

ఐలవ్వ నాలుకకు చుట్టాల్లో ఉన్న పేరు అంతా ఇంతా కాదు. కౌడిపల్లిలో పెళ్లయినా, కుల్చారంలో పెళ్లయినా, ఆమె పులుసు రుచి చూసి తలూపాకే వడ్డన మొదలుపెట్టేవారు. కోడలి వంటనైనా అంతే, ఉప్పెక్కువైతే మొహం మీదే చెప్పేది, బాగుంటే మారు వేయించుకునేది. పోయినేడు జ్వరమొచ్చి దవాఖానలో పడి లేచినప్పటి నుంచి మాత్రం ఆమె తీరే మారిపోయింది. ఏం వండినా బాగుందనదు, బాగాలేదనదు. ముందు మనుమరాలు ఇషిత నోట్లో పెట్టి, "ఎట్లున్నదే?" అని అడిగి, ఆ తర్వాతే ముద్ద ఎత్తుతుంది. దాంట్లోనూ ఆవకాయ దండిగా కలుపుకుంటుంది. తన చేతి వంట మీద అంత అనుమానమేమిటని యాదలక్ష్మికి లోలోపల మంట.

అయినా అత్తకు షుగరని మరిచిపోలేదు. ఆమె వాటా కేకులోకి వేరుగా ఖర్జూరాలు నూరింది, నారింజ తొక్క కోరింది. గిన్నెలో వేసి, మూతపెట్టి అరమీద ఉంచింది. ఆ తర్వాత పొయ్యి మీద పాలు పెట్టింది.

"అత్తమ్మా, పక్క సందుల ఆర్డర్ కేకు ఇచ్చొస్త. జర పాలు చూడుండ్రి."

తిరిగొచ్చేసరికి గేటు దగ్గరే మాడు వాసన ముక్కు పగలగొట్టింది. పరుగున లోపలికి వెళ్లి చూస్తే, ఐలవ్వ పొయ్యి పక్కనే పీట వేసుకుని తాపీగా చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"అత్తమ్మా, పాలు..."

"పొంగలే బిడ్డా. పొంగనిస్తనా? చూస్తనే ఉన్న కద."

యాదలక్ష్మి గరిటెతో కలిపింది. అడుగు నుంచి నల్లటి చెక్కులు పైకి తేలాయి. వాటిని చూసి ఐలవ్వ మొహం చిన్నబోయింది. చిక్కుళ్ల చాట తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

"మీ అమ్మ కావాల్నని మాడగొట్టింది," సాయంత్రం భర్త కృష్ణమోహన్ ఇంటికి రాగానే అంది యాదలక్ష్మి. "ఇల్లంత వాసనొస్తుంటే పక్కన కూసున్న మనిషికి తెల్వదా? అర్ర ఇయ్యబుద్ధి కాకుంటే ఇయ్యనని చెప్పొచ్చు కద."

"అమ్మ గసోంటిది కాదు లక్ష్మీ."

"అయితే ఇంకేంది? నువ్వే చెప్పు."

కృష్ణమోహన్ పోయి మళ్లీ పాలు తెచ్చాడు.

మాడిన గిన్నెను సింకులో నానేసి, యాదలక్ష్మి మరో గిన్నెలో పాలు విరిచింది. గుడ్డలో వడగట్టి, ఆ ముద్దలో గుడ్లు కొట్టి కలిపింది. చెయ్యి పని చేస్తోందన్న మాటే గానీ మనసంతా అత్త మీదే ఉడుకుతోంది. అత్త వాటా ముందే చిన్న గిన్నెలోకి తీసి, మిగిలినదాంట్లో చక్కెర, అప్పుడే కోరిన నారింజ తొక్క కలిపి, రెండు గిన్నెలనూ ఓవెన్‌లోకి తోసి విసురుగా తలుపు వేసింది.

మర్నాడు మధ్యాహ్నం వాకిలి నిండా చుట్టాలే. వీరయ్య సిగ్గుపడుతూ పెద్ద కేకు కోశాడు. అందరికీ ముక్కలు పంచాక, యాదలక్ష్మి చిన్న కేకు తెచ్చి అత్త చేతికిచ్చింది. ఐలవ్వ ఏమంటుందోనని అందరూ అటే చూస్తున్నారు.

ఐలవ్వ పక్కనే పెద్ద కేకు ముక్క తింటున్న మనుమరాలి వైపు వంగింది. "ఎట్లున్నదే?"

"తియ్యగ, మెత్తగ ఉన్నది నానమ్మా. నారింజ వాసనొస్తుంది."

అప్పుడు ఐలవ్వ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుని నెమ్మదిగా నమిలింది.

"మెత్తగున్నది. తీపి సరిగ్గ పడ్డది. నారింజ వాసన మస్తుగొస్తుంది," అంది ఐలవ్వ అందరికీ వినబడేలా. నడుముకు దోపుకున్న అర్ర తాళంచెవి తీసి కోడలి అరచేతిలో పెట్టింది. "ఇగ గా బస్తాలు తీపియ్యి. దుకాణం పెట్టుకో."

యాదలక్ష్మికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత మంచి మనిషిని రాత్రంతా తిట్టుకున్నందుకు సిగ్గేసింది. ఎవరికీ కనబడకుండా కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లింది.

అరమీద మూతపెట్టిన గిన్నె కనిపించింది. ఏమిటా అని మూత తీసింది. అత్త కేకులో కలపాల్సిన ఖర్జూరాలు, నారింజ తొక్క నిన్న పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

ఆమె చూపు మెల్లగా సింకులో నానుతున్న మాడు గిన్నె మీదికి పోయింది.

అత్తమ్మకు రుచీ వాసనా తెలియవు.