రెండో గుబులమ్మ

ఏటా చెరువు మీద తొలి పొగమంచు దిగిన సాయంత్రం అడవిలోని జంతువులన్నీ భయపడటానికి గట్టు మీద చేరేవి. అది వాటికి పండగ.

ఒకప్పుడు గుబులమ్మ అనే గుడ్లగూబ ఎండు మద్ది కొమ్మ మీంచి ఒక్క కేక వేసిందట. కుందేళ్లు మేత ముట్టలేదట, జింకలు నీళ్లకు రాలేదట.

ఇప్పుడు ఆ కొమ్మ మీద దాని కూతురు కూర్చుంటోంది. సొంత పేరున్నా అడవంతా దాన్ని రెండో గుబులమ్మ అనే పిలిచేది. అదే కొమ్మ, అదే కేక. ఏటా కుందేళ్లు ఆవలిస్తూ, "బాగానే ఉంది గానీ, వాళ్లమ్మ కేక ముందు ఇదెంత?" అనేవి.

ఈ ఏడు మంచు దిగకముందే అది చెరువులోని ముసలి తాబేలు దగ్గరికి వెళ్లింది.

"తాతా, మా అమ్మ కేక నిజంగా ఎలా ఉండేది?"

తాబేలు కళ్లు మూసుకుంది. "నీ కేకలాగే ఉండేదమ్మా. మొదటిసారి అది వస్తుందని మాకు తెలియదు, అంతే. మరుసటి ఏడు మీ అమ్మే మళ్లీ అరిచింది. పోయినేడాదిలా లేదని అందరం లేచి వచ్చేశాం. పాపం, మంచులో ఒక్కతే కూర్చుండిపోయింది."

తొలి మంచు దిగిన సాయంత్రం కొమ్మ ఖాళీగా ఉంది. కుందేళ్లు తలెత్తి ఎదురుచూస్తున్నాయి. వెనక మంచులోంచి, చప్పుడు లేని రెక్క ఒకటి వాటి చెవులను నిమిరి వెళ్లింది. గట్టంతా ఊపిరి బిగబట్టింది. తర్వాత కెవ్వుమని ఒకటే పరుగు.

తెల్లారాక ముసలి కుందేలు పిల్లలతో అంటోంది: "భయమంటే అదిరా! ఇక ఎవరొచ్చినా అలా భయపెట్టలేరు."

తొర్రలో ఉన్న రెండో గుబులమ్మకు ఆ మాట వినబడింది. సంతోషించబోయి, రెక్క కింద వెచ్చగా కదులుతున్న గుడ్డును చూసి ఆగిపోయింది.