ఎర్రమూత సీసా

“ఛీ! ఇది జ్యూసా, ఉప్పు కషాయమా?” భర్త సీసాను ఠక్కున బల్ల మీద పెట్టాడు. అదుపు తప్పిన తిండిని దారిలో పెట్టుకుందామని భార్యాభర్తలిద్దరూ మూడు రోజులు జ్యూసులతోనే గడపడం ఆ పొద్దునే మొదలుపెట్టారు.

“అప్పుడే వంకలా?” అందామె.

“వంకలు కాదు, నీ చేతి మహిమ! పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే ఉప్పు గోల. క్యారెట్ రసం తీయడం కూడా నేర్పలేదా మీ అమ్మ?”

ఆమెకు ఒళ్లు మండింది. ప్రతి కూరా రెండేసిసార్లు రుచి చూసి మరీ వడ్డించే మనిషి. ఏదో అనబోయి, సీసా వైపు చూసి ఆగింది.

“నేను చేసింది పచ్చమూత సీసాలో, ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది. ఈ ఎర్రమూతది మీరు చేసుకున్నది.”

అతను సీసా ఎత్తి ఇంకో గుక్క తాగాడు.

“మరీ అంత ఉప్పేం లేదులే,” అన్నాడు.

ఇన్నేళ్లూ ఆమె అనుమానించింది ఉప్పుడబ్బాను.