మైకు అవతల

అమీరున్నీసాకు అన్నిటికన్నా పెద్ద భయం, క్లాసులో నోరు విప్పితే నవ్వులపాలవుతానని.

ఇంటర్‌తోనే చదువు ఆపించి నిఖా చేశారు. మళ్లీ పుస్తకం పట్టింది ఇక్కడ రియాద్‌లో, చంకన పాపతో. పొద్దున పాపను పక్కింటి మదార్బీకి అప్పగించి వస్తుంది. వచ్చిన దగ్గర్నుంచీ పాప ఏడుస్తోందేమోనని ఒక చెవి ఇంటివైపే ఉంటుంది. భర్త బాబావలి బతా బజారులోని కొట్లో పనికి వెళ్తూ ఆమెను కాలేజీ గేటు దగ్గర దింపి, "ఈసారి తప్పితే చాలించు. బిడ్డను చూసుకో," అన్నాడు.

రాసిన పరీక్షకే కాదు, క్లాసులో మాట్లాడినందుకూ మార్కులున్నాయి. వాటిలో ఆమెకు ఇంతవరకూ సున్నా. ఇవాళే ఆఖరి క్లాసు.

ఆడపిల్లల కాలేజీ కాబట్టి సారు ఎదురుగా ఉండరు. అవతల మగవాళ్ల భవనంలో, కెమెరా ముందు కూర్చుని పాఠం చెబుతారు. ఇక్కడ టీవీలో కనిపిస్తారు. పిల్లలు మైకు మీట నొక్కి మాట్లాడితే అక్కడ స్పీకరులో వినబడుతుంది. సారుకే కాదు, వరండాలో పోయే మగవాళ్లకు కూడా. అందుకే ఎవరూ నొక్కరు.

అబ్దుల్ ఘనీ సారు ప్రశ్న వేశారు. రుమాలుతో మెడ తుడుచుకున్నారు.

"ఎవరూ చెప్పరా? సరే. మీరు మాట్లాడేదాకా నేనూ మాట్లాడను."

అది ఆయనకు అలవాటే. కుర్చీలో వెనక్కి వాలి, గడ్డం ఛాతీకి ఆనించి, కళ్లు మూసుకున్నారు.



పక్కనున్న కర్నూలు పిల్ల షబ్నమ్ మోచేత్తో పొడిచింది. "నీకు తెలుసు గదక్కా. చెప్పరాదా?"

"నువ్వే చెప్పు మే."

"నా ఇంగ్లీషు ఇంటే సారు పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని ఊరికి పోతాడు."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మామూలుగా అయితే సారు ఒక కన్ను తెరిచి చూసేవారు. ఇవాళ అదీ లేదు.

"చూడు, ఎంత కోపంగా ఉండాడో. ఈపొద్దు అందరికీ సున్నానే," గొణిగింది షబ్నమ్.

అమీరున్నీసాకు బాబావలి మాట గుర్తొచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుని మీట నొక్కేసింది.

మొదటి మాట వణికింది. రెండోది తప్పు పడింది. ఆగి, మళ్లీ మొదలుపెట్టి, జవాబంతా చెప్పేసింది. ఎవరూ నవ్వలేదు.

సారు తల ఊపలేదు.

"తప్పు చెప్పినానా?"

"లేదక్కా, సరిగ్గానే చెప్పినావు. ఇనబడలేదేమో. ఇంకా గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పింది. ఇంత గొంతు తనకుందని ఆమెకే తెలియదు.

టీవీలో సారు కళ్లజోడు ముక్కు మీంచి మెల్లగా జారి ఒళ్లో పడింది. ఆయన చెయ్యి దాని కోసం కదల్లేదు.

అమీరున్నీసా మైకును రెండు చేతులా పట్టుకుని అరిచింది: "ఆడ వరండాలో ఎవరన్నా ఉంటే లోపలికి పోయి మా సారును తట్టి చూడండయ్యా, ఆయన కూచున్నది జవాబు కోసం కాదు!"