ఆరోగ్యవంతుల వరుసలో మూడో ట్యూబు

తెరమీద చుక్కలు గుంపు కట్టడం చూడగానే డైరెక్టరుగారికి తల కొట్టేసినట్లయింది.

ఆయన వెనుక ముగ్గురు అతిథులు నిలబడి ఉన్నారు. ప్రయోగశాలకు గుర్తింపు కొనసాగించాలా, రద్దు చేయాలా అన్నది తేల్చడానికి వచ్చినవారు. వారి ఎదుట పని పాడుచేసింది మరెవరైనా అయితే ఆయన ఇంతగా కుంగిపోయేవారు కారు. చేసింది సొంత మేనకోడలు.

"ఇది ఆరోగ్యవంతుల వరుసే కదండీ?" అన్నారు అతిథుల్లోని పెద్దావిడ, కళ్ళజోడు సవరించుకుంటూ.

అవును, అదే వరుస. హెచ్.ఐ.వి. సోకినవారి రక్తంలో రక్షక కణాలు ఎలా పోరాడుతున్నాయో పరిశీలించడం అక్కడి పని. పోల్చి చూడడానికి ఆరోగ్యవంతుల రక్తమూ కావాలి. ప్రతి ఒక్కరి రక్తాన్నీ రెండు భాగాలు చేసి, ఒకదానికి హెచ్.ఐ.వి. తునకలనూ, రెండోదానికి సైటోమెగలో అనే మరో వైరస్ తునకలనూ చూపిస్తారు. ఈ సైటోమెగలో చాలామంది ఒంట్లో చడీచప్పుడు లేకుండా కాపురముంటుంది. కనుక దాన్ని చూసి ఆరోగ్యవంతుల కణాలు కూడా భగ్గుమంటాయి. హెచ్.ఐ.వి.ని చూసి మాత్రం ఉలకవు, పలకవు. ఒకసారి ఇంట్లో దూరిన దొంగ మొహాన్నే కాపలావాడు గుర్తుపడతాడని డైరెక్టరుగారు విద్యార్థులకు చెబుతుంటారు.

మూడో ట్యూబులోని కణాలు రెండింటినీ గుర్తుపట్టాయి. తెరమీద గుంపు కట్టిన చుక్కలు అలా భగ్గుమన్న కణాలే.

"ట్యూబులు తారుమారయ్యాయి. రోగుల ట్యూబు ఇటు వచ్చింది, అంతే," అన్నారు డైరెక్టరుగారు. ఆ మాట కొంచెం తొందరగానే వచ్చింది.

"రక్తం తీసినప్పుడే విడిగా దాచిన కొంత భాగాన్ని కూడా చూశాను సార్," అంది మేనకోడలు తల ఎత్తకుండా. "అదీ ఇలాగే ఉంది."

"ఒకసారి చేస్తే పొరపాటు. రెండుసార్లు చేస్తే ప్రతిభ!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంట్లో మామయ్య, ఇక్కడ సార్. గేటు దాటి లోపలికి వస్తే చుట్టరికం లేదన్నది ఆయన పెట్టిన నియమమే. అయినా 'మేనమామ అండ ఉండగా పిల్లకేం లోటు' అన్న గుసగుసలు ఆయన చెవిన పడుతూనే ఉండేవి. అందుకే ఆమెకు చీవాట్లు అందరికన్నా ఒక పాలు ఎక్కువే వడ్డించేవారు.

"దాతల్లోనే ఎవరికైనా సోకి ఉండవచ్చు కదా?" అన్నారు పెద్దావిడ. "వారికి ముందుగా పరీక్ష చేయరా?"

డైరెక్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి.

"అందరూ మా సంస్థవారేనమ్మా. సంసారులు, మర్యాదస్తులు. మనవాళ్ళను మనమే అనుమానించడం బాగుండదని ఆ పరీక్ష నేనే మాన్పించాను."

"వైరస్ మర్యాదస్తుల గుమ్మం ఎక్కదంటారా?"

ఆయన కోపమంతా మేనకోడలి మీదికి మళ్ళింది. ట్యూబుల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. ఏ అంకె ఎవరిదో రక్తం తీసినవారికి మాత్రమే తెలుసు.

"నువ్వే కదా తీశావు! ఎవరిదా మూడో ట్యూబు? చెప్పు. ఇక్కడికే పిలిపిస్తాను. వీరి ఎదుటే తేలిపోతుంది."

ఆమె పెదవి కొరుక్కుంది. మొహం కందిపోయింది. మేనమామ వంక ఒక్కసారి చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

"పిలవనక్కర్లేదు సార్. తప్పు నాదే. ట్యూబులు నేనే మార్చేశాను."

"ఇంత నిర్లక్ష్యంగా పనిచేసే మనిషి ఉన్నచోట మేము సంతకం పెట్టలేము," అన్నారు పెద్దావిడ చేతిసంచి సర్దుకుంటూ.

"రేపటి నుంచి ఈ అమ్మాయి ఇక్కడ ఉండదు," అన్నారు డైరెక్టరుగారు.

అతిథులు వెళ్ళిపోయారు. ఆయన తన గదిలోకి వెళ్ళి, తెల్లకోటు విప్పి తగిలించి, చొక్కా చేతులు పైకి మడుచుకుని కూలబడ్డారు. పిల్లను తన చేతుల్లో పెట్టి 'ప్రయోజకురాలిని చెయ్యరా తమ్ముడూ' అన్న అక్కయ్య గుర్తుకు వచ్చింది. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

మేనకోడలు లోపలికి వచ్చి తలుపు మూసింది.

"రాజీనామా ఆ బల్లమీద పెట్టి వెళ్ళు," అన్నారాయన గోడకేసి చూస్తూ. "మీ అమ్మతో ఏ మొహం పెట్టుకుని మాట్లాడాలో ఏమో."

"అమ్మకు ఏమీ చెప్పకండి మామయ్యా."

గేటు లోపల ఆ పిలుపు ఆమె నోట రావడం అదే మొదలు. ఆయన విసురుగా తల తిప్పారు.

"ట్యూబులు మారలేదు," అంది ఆమె మెల్లగా. "అందరి ముందూ ఇంకేం చెప్పమంటారు? ఆ మనిషికి ఈ సంగతి ఇంకా తెలియదు. మళ్ళీ పరీక్ష చేసి రూఢి చేసుకోవాలి. నిజమే అయితే మందులున్నాయి. వేళ తప్పకుండా వేసుకుంటే నిక్షేపంగా బతుకుతారు."

"ఉద్యోగం పోగొట్టుకుని మరీ వెనకేసుకొస్తున్నావా?" డైరెక్టరుగారు లేచి నిలబడ్డారు. "ఎవడే ఆ పెద్దమనిషి? ఇంటికెళ్ళి పెళ్ళాం మొహం ఎలా చూస్తున్నాడు, సిగ్గులేనివాడు!"

ఆమె దగ్గరికి వచ్చి, మూడో ట్యూబుకు రక్తం తీశాక పొద్దున తానే అంటించిన దూదిముక్కను ఆయన మోచేతి వంపులోంచి నొప్పి కలగకుండా ఊడదీసింది.